గాలి తెరలు, చెట్టంత ఎత్తు: లో పాస్ తర్వాత చిన్న విమానాలు ఎందుకు పడిపోతాయి

ఒక చిన్న విమానం రన్‌వే మీదుగా తాటిచెట్టు కన్నా తక్కువ ఎత్తులో దూసుకువస్తుంది. కింద నిలబడ్డవాళ్లు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తుంటారు. రన్‌వే చివరికి రాగానే ముక్కు పైకి లేస్తుంది, విమానం ఒక పక్కకు ఒరిగి మలుపు తిరుగుతుంది. రన్‌వే మీదుగా ఇలా తక్కువ ఎత్తులో దూసుకుపోవడాన్నే పైలట్లు లో పాస్ అంటారు. ఇలాంటి ప్రమాదాల వీడియోలు నాలుగైదు వరసగా చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. విమానం నేలకు అతి దగ్గరగా ఉన్న ఆ కొన్ని సెకన్లలో చాలాసార్లు ఏమీ కాదు. అంతా బాగానే అయిపోయిందని చూసేవాళ్లు చప్పట్లు కొడుతుండగా, పైకి లేచి మలుపులో ఉన్న విమానం ఒక రెక్క వాల్చేసి పడిపోతుంది.

కాబట్టి ప్రశ్న ‘ఎంత కిందికి దిగాడు’ అన్నది కాదు. దిగినవాడు మళ్లీ పైకి ఎలా వెళ్లాడు, ఆ సమయంలో గాలి ఎలా ఉంది అన్నదే అసలు ప్రశ్న.

గాలి లేకపోయినా ఈ పైకి లేచే ఘట్టం ఎంత నాజూకో చెప్పడానికి రెండు ఘటనలు చాలు. 2019 సెప్టెంబరులో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, టర్కీ అనే ఊరి దగ్గర పొలాలకు మందు చల్లే ఎయిర్ ట్రాక్టర్ విమానం ఒకటి, పుట్టబోయే బిడ్డ ఆడో మగో ప్రకటించే వేడుక కోసం దాదాపు 350 గ్యాలన్ల గులాబీ రంగు నీళ్లు కుమ్మరించింది. నీళ్లు వదిలాక వేగం బాగా తగ్గిపోయి, స్టాల్ అయి, అంటే రెక్కలు మోయలేని స్థితికి చేరి, నేలను తాకి తలకిందులైంది. ఒక్కరే కూర్చోవాల్సిన ఆ విమానంలో ఇద్దరున్నారు. ప్రాణాలు దక్కాయి. 2023 సెప్టెంబరులో మెక్సికోలోని సినలోవా రాష్ట్రంలో అలాంటి వేడుకకే వచ్చిన పైపర్ పానీ విమానం గులాబీ పొడి చల్లి పైకి లేస్తుండగా ఎడమ రెక్క విరిగిపోయింది. పైలట్ చనిపోయాడు. ఒకటి మరీ నెమ్మదించి పడింది, ఇంకొకటి పైకి లాగే ఒత్తిడికి రెక్క పోగొట్టుకుని పడింది. లో పాస్ తర్వాత పైలట్‌కు మిగిలే దారి ఈ రెండు గోతుల మధ్య ఉన్న గట్టు లాంటిది. గాలి తెరలు తెరలుగా వీచే రోజున ఆ గట్టు ఇంకా సన్నబడుతుంది.

ఎలా సన్నబడుతుందో లెక్క వేసి చూడొచ్చు. శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 172నే తీసుకుందాం. ఫ్లాప్స్, అంటే రెక్క వెనక అంచున ఉండే పలకలు, దించకుండా, ఒరగకుండా తిన్నగా ఎగురుతున్నప్పుడు దాని స్టాల్ వేగం సుమారు 48 నాట్స్, అంటే గంటకు 89 కిలోమీటర్లు. స్టాల్ అంటే ఇంజన్ ఆగిపోవడం కాదు. రెక్క గాలిని ఢీకొనే కోణం మరీ పెరిగిపోయి, రెక్క పైభాగాన గాలి అంటిపెట్టుకుని పారడం మానేయడం. చిన్న విమానాల్లో ఆ కోణం సుమారు 15 నుంచి 18 డిగ్రీలు. అది దాటితే ఏ వేగంలోనైనా, ముక్కు ఏ దిక్కున ఉన్నా రెక్క మోయలేదు.

పాస్ ముగించి పైకి లేచిన పైలట్ దగ్గర 75 నాట్స్ వేగం ఉందనుకుందాం. 48కీ 75కీ మధ్య 27 నాట్స్ వెసులుబాటు. భయపడాల్సిందేమీ లేనట్టే ఉంటుంది. ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు ఒరిగి మలుపు తిరగగానే స్టాల్ వేగం 57కి చేరుతుంది, ఎందుకంటే మలుపులో రెక్క విమానం బరువుకు 1.4 రెట్లు మోయాలి. వెసులుబాటు 18కి తగ్గింది. అంతలో ఎదురుగాలి తెర ఒకటి వెళ్లిపోయి, గాలి 10 నాట్స్ మందగించింది. విమానం బరువైన వస్తువు, దాని సొంత వేగం అంత త్వరగా మారదు. కాబట్టి ఆ 10 నాట్స్ నేరుగా ఎయిర్‌స్పీడ్‌లోంచి, అంటే చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానానికి ఉన్న వేగంలోంచి పోతాయి. ఇప్పుడు మిగిలింది 8. కింద ఉన్నవాళ్లు కిటికీలోంచి కనిపించాలని పైలట్ మలుపును కొంచెం బిగించి 55 డిగ్రీలకు తెచ్చాడు. స్టాల్ వేగం 63 దాటింది, చేతిలో ఉన్న వేగం 65. ఇరవై ఏడు నాట్స్ ఉన్నచోట రెండు కూడా మిగల్లేదు. ఇందులో ఏ ఒక్క మెట్టూ విడిగా చూస్తే ప్రమాదకరంగా అనిపించదు, అదే ఇందులోని అసలు భయం.

ఎత్తు మీద వేగం, వేగం మీద ఎత్తు మారకం చేసుకోవచ్చని పైలట్లు నమ్ముతారు. అది నిజమే కూడా. 120 నాట్స్‌తో వచ్చిన విమానం 60కి తగ్గేదాకా పైకి లేస్తే, గాలి నిరోధం లెక్కలోకి తీసుకోకపోతే, ఇంజన్ సాయం లేకుండానే సుమారు 478 అడుగులు సంపాదిస్తుంది. నిజంగా దక్కేది అంతకన్నా తక్కువే అయినా, ధీమా మాత్రం అంతా వస్తుంది. కానీ పైకి చేరి వేగం తగ్గాక ఈ మారకానికి మిగిలే నిల్వ చాలా తక్కువ. 65 నాట్స్ నుంచి 55కి పడిపోతే పోయిన శక్తి 53 అడుగుల ఎత్తుతో సమానం. ఒక్క గాలి తెర ఒకటి రెండు సెకన్లలో ఆ 53 అడుగులను జేబులోంచి తీసుకుపోతుంది. తిరిగి సంపాదించుకోవాలంటే ముక్కు దించాలి. ముక్కు దించడానికి కింద చోటుండాలి.

అడ్డంగా వీచే తెర ఒకటే కాదు, కింది నుంచి పైకి తన్నే తెర కూడా ఉంటుంది. 65 నాట్స్‌తో వెళ్తున్న విమానాన్ని సెకనుకు 5 మీటర్ల వేగంతో గాలి కింది నుంచి తాకితే, రెక్క కోణం ఒక్కసారిగా ఎనిమిదిన్నర డిగ్రీలు పెరుగుతుంది. మలుపులో అప్పటికే 10 డిగ్రీల దగ్గర ఉన్న రెక్క ఆ తాకిడితో గీత దాటేస్తుంది. పైలట్ చేయి కూడా కదిపి ఉండడు.

సెస్నా 172లో దీన్ని ముందుగా చెప్పే ఏర్పాటు ఒకటుంది. ఎడమ రెక్క ముందు అంచులో చిన్న రంధ్రం కనిపిస్తుంది. విమానం స్టాల్‌కు దగ్గరవుతుంటే ఆ రంధ్రం దగ్గర పీడనం తగ్గి, గొట్టంలోంచి గాలిని బయటికి లాగుతుంది. ఆ గాలి కాక్‌పిట్ దగ్గర ఒక పల్చని పీక గుండా వెళ్తూ మౌత్ ఆర్గాన్ లాగా సన్నగా కూస్తుంది. కరెంటు అక్కర్లేదు, పాడయ్యేందుకు పెద్దగా ఏమీ లేదు. టేకాఫ్‌కు ముందు తనిఖీలో కొందరు శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టి ఆ రంధ్రాన్ని నోటితో పీల్చి కూస్తోందో లేదో చూసుకుంటారు. స్టాల్‌కు ఇంకా 5 నుంచి 10 నాట్స్ ఉండగానే అది మోగుతుంది. ప్రశాంతమైన రోజున ఈ కూత వినబడితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. గాలి తెరలున్న రోజున అది ప్రతి కుదుపుకీ కీచుమంటుంది, మళ్లీ ఆగుతుంది. పది నిమిషాలు అలా విన్న చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నిజంగా వినాల్సిన కూత వచ్చినప్పుడు అది కూడా ఆ కుదుపుల్లో ఒకటిలాగే అనిపిస్తుంది.

ఇంతకీ నేల దగ్గర గాలి ఎందుకంత చెల్లాచెదురుగా ఉంటుంది? సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవాళ్లకు ఇది చేతికి తెలిసిన సంగతే. మేడ మీంచి పటాన్ని లేపేటప్పుడు మొదటి ముప్పై నలభై అడుగులే కష్టం. దారం ఒక క్షణం బిగుసుకుంటుంది, మరుక్షణం వదులైపోతుంది, పటం తల తిప్పి కిందికి దూకుతుంది. పక్కింటి కప్పు, కొబ్బరిచెట్లు, వాటర్ ట్యాంకు దాటి పైకి వెళ్లాక అదే పటం ఒకచోట కుదురుగా నిలబడుతుంది. విమానానికీ ఇంతే. ఒక చెట్ల వరసో, విమానాలు ఉంచే షెడ్డు, అంటే హ్యాంగరో గాలికి అడ్డొస్తే దాని వెనక గాలి సుడులు తిరుగుతూ, ఆ అడ్డంకి ఎత్తుకు పదిరెట్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ దూరం వరకు కలతగా ఉంటుంది. పది మీటర్ల హ్యాంగర్ ప్రభావం వంద మీటర్ల అవతలి రన్‌వే మీద కూడా తగులుతుందన్నమాట. ల్యాండింగ్‌కు వచ్చే విమానం ఆ కలత పొరలో కొన్ని సెకన్లే ఉంటుంది, అదీ దిగిపోయే ఉద్దేశంతో ఉంటుంది. లో పాస్ చేసేవాడు రన్‌వే పొడవునా అందులోనే ఉండి, ఆ తర్వాత దాంట్లోంచే పైకి రావాలి.

విమానాశ్రయాల్లో గాలిని కొలిచే పరికరం సాధారణంగా 10 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మైదానం మీద 100 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి గాలి అంతకన్నా 40 శాతం దాకా ఎక్కువగా ఉండటం మామూలే. వాతావరణ సమాచారంలో ‘27015జీ25’ అని ఉంటే, పడమటి నుంచి 15 నాట్స్ గాలి, తెర వచ్చినప్పుడు 25 దాకా పోతోంది అని అర్థం. పైలట్లు దీన్ని చదివి ల్యాండింగ్ వేగానికి తేడాలో సగం, అంటే ఇక్కడ 5 నాట్స్, కలుపుకోవాలని నేర్చుకుంటారు. మంచి అలవాటే, కానీ అది దిగడానికి వేసిన లెక్క. ఎదురుగాలిలో పాస్ చేసి, పైకి లేస్తూనే వెనక్కి తిరిగే విమానానికి ఆ లెక్క సరిపోదు. మలుపు తిరిగాక గాలి తోక వైపు నుంచి వస్తుంది. ఎత్తు పెరిగే కొద్దీ ఆ తోకగాలి బలపడుతుంది. అంటే పైకెక్కే ప్రతి అడుగుకీ ఎయిర్‌స్పీడ్ కాస్త కాస్త కరిగిపోతూ ఉంటుంది.

ఇక్కడ ఒక పాత వాదన గురించి చెప్పుకోవాలి. ‘గాలికి వెన్ను చూపి మలుపు తిరిగితే విమానం పడిపోతుంది’ అని కొందరు పైలట్లు అంటారు, అది అపోహ అని ఇంకొందరు కొట్టిపారేస్తారు. గాలి నిలకడగా వీస్తుంటే రెండో మాటే నిజం. నడుస్తున్న రైలు బోగీలో ముందుకు నడిచి, వెనక్కి తిరిగి నడిస్తే నడకలో తేడా ఉండదు కదా, అలాగే. విమానానికి చుట్టూ ఉన్న గాలే బోగీ. కానీ తెరలు తెరలుగా వీచే గాలి పట్టాల మీద కుదుపుతూ, ఆగుతూ, మళ్లీ పరుగెత్తే బోగీ. పైగా పైలట్ చూస్తున్నది బోగీని కాదు, కిటికీ బయట పరుగెత్తే నేలను. మనిషి కంటికి ఇంత దగ్గర ఎత్తులో జరిగే మోసం ఇదే.

60 నాట్స్ ఎయిర్‌స్పీడ్‌తో 20 నాట్స్ ఎదురుగాలిలోకి వెళ్తే, నేల మీద విమానం వేగం 40. అదే వెనక్కి తిరిగితే 80. ఎయిర్‌స్పీడ్ మీటర్‌లో ఏమీ మారలేదు, కిటికీలో మాత్రం వేగం రెట్టింపైంది. వేల అడుగుల పైన ఈ తేడా కంటికి ఆనదు. వంద అడుగుల దగ్గర చెట్లు, కంచెలు, కార్లు రెండు రెట్లు జోరుగా వెనక్కి పోతుంటాయి. ‘మరీ స్పీడుగా పోతున్నాం’ అని చేయి తనంతట తానే ఇంజన్ శక్తిని నియంత్రించే థ్రాటిల్‌ను తగ్గిస్తుంది, లేదా ముక్కు ఎత్తుతుంది. ఇంకో మోసం కూడా తోడవుతుంది. ఎదురుగాలి నుంచి పక్కకు తిరుగుతున్నప్పుడు గాలి విమానాన్ని మలుపు లోపలి వైపుకు నెడుతుంది. నేలను చూస్తున్న కంటికి విమానం లోపలికి జారుతున్నట్టు కనిపిస్తుంది. సరిచేద్దామని మలుపు లోపలి వైపు రడ్డర్ పెడల్, అంటే తోక చుక్కానిని తిప్పే పెడల్ తొక్కుతారు. ఆ స్థితిలో స్టాల్ అయితే రెండు రెక్కలూ కలిసి వాలవు, లోపలి రెక్క ముందుగా పడిపోయి విమానం గిరగిరా తిరుగుతుంది. స్పిన్ అనే ఈ గింగిరాల్లోంచి తేరుకోవడానికి వెయ్యి అడుగుల దాకా కావాలి. ఒట్టి స్టాల్‌లోంచి బయటపడటానికే రెండు వందల అడుగులు పోవచ్చు. లో పాస్ ముగించిన విమానం దగ్గర రెండూ ఉండవు.

అలాస్కాలో దీనికి ఒక పేరే స్థిరపడింది: మూస్ స్టాల్. అడవిలో మూస్ అనే పెద్ద దుప్పి కనిపిస్తే, బాగా చూడటానికి సూపర్ కబ్ లాంటి తేలికపాటి విమానంలో దాని చుట్టూ కింది నుంచే తిరుగుతారు. దుప్పి నేల మీద ఒకచోట ఉంటుంది, గాలి విమానాన్ని పక్కకు నెడుతుంటుంది, దుప్పిని రెక్క చివర పెట్టుకుని తిరగాలంటే ఒక పక్క మలుపును బిగించాలి. కళ్లు మీటర్ల మీద కాక జంతువు మీద ఉంటాయి. ఎన్నో ఏళ్లు అడవుల్లో ఎగిరినవాళ్లు కూడా ఇలాగే పోయారు. దుప్పి స్థానంలో స్నేహితుడి ఇల్లు, పెళ్లి పందిరి, నది ఒడ్డున నిలబడ్డ కుటుంబం పెట్టి చూడండి, లెక్క మారదు.

గాలి చేసే ఈ కనికట్టు ఒక దర్యాప్తు నివేదికలో ఎంత స్పష్టంగా నమోదైందో చెప్పాలంటే 1996 ఏప్రిల్ 11 నాటి షయెన్ ప్రమాదాన్ని తలుచుకోవాలి. అది లో పాస్ కాదు, టేకాఫ్. అయినా తక్కువ ఎత్తు, తెరగాలి, మలుపు మూడూ కలిస్తే ఏమవుతుందో అంతకంటే బాగా చూపించే ఉదాహరణ దొరకడం కష్టం. ఏడేళ్ల జెసికా డుబ్రాఫ్ అమెరికాను ఈ చివర నుంచి ఆ చివరకు విమానంలో దాటే ప్రయత్నంలో ఉంది. పక్కన శిక్షకుడు, వెనక తండ్రి. కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే నుంచి బయలుదేరి మొదటి రోజు రాత్రి వయోమింగ్ రాష్ట్రంలోని షయెన్‌లో ఆగారు. ఆ పాప వెళ్లినచోటల్లా టీవీ కెమెరాలు వెంటపడ్డాయి. మర్నాటి ఉదయానికి ఉరుములతో కూడిన వాన ముంచుకొస్తోంది. గాలి 20 నాట్స్, తెరలు 30 దాకా. ఆ విమానాశ్రయం సముద్రమట్టానికి 6,150 అడుగుల పైన ఉంది, అంటే గాలి పలుచన, ఇంజన్‌కూ రెక్కకూ బలం తక్కువ. వాళ్ల సెస్నా 177బి అనుమతించిన బరువు కన్నా 96 పౌండ్లు, సుమారు 44 కిలోలు, ఎక్కువ మోస్తోంది. వాళ్లకు ముందు బయలుదేరిన మరో సెస్నా పైలట్, ఎయిర్‌స్పీడ్ 15 నాట్స్ అటూ ఇటూ ఊగుతోందని రేడియోలో చెప్పాడు. ఆ మాటను టవర్ వీళ్లకు చేరవేసింది. అయినా బయలుదేరారు. కొద్ది ఎత్తుకు లేచి, వానను తప్పించుకోవడానికి కుడివైపు తిరుగుతూ స్టాల్ అయి ఇళ్ల మధ్య వీధిలో పడ్డారు. ముగ్గురూ చనిపోయారు.

అమెరికా రవాణా భద్రతా బోర్డు, ఎన్‌టీఎస్‌బీ, తేల్చిన ముఖ్య కారణం ఆ వాతావరణంలో టేకాఫ్ చేయాలన్న శిక్షకుడి తప్పు నిర్ణయం, వేగం నిలబెట్టుకోకపోవడం వల్ల వచ్చిన స్టాల్. అంతటితో ఆగకుండా ఇంకో మాట కూడా చెప్పింది. కుడికి తిరుగుతుండగా తోకగాలి తోడై, నేల మీద వేగాన్నే ఎయిర్‌స్పీడ్ అని పొరబడి, స్టాల్‌కు తానెంత దూరంలో ఉన్నాడో శిక్షకుడు తప్పుగా అంచనా వేసి ఉండొచ్చని. పైకి సరిగా ఎక్కడం లేదనిపించి ముక్కు ఇంకా ఎత్తి ఉండొచ్చని. అనుభవమున్న శిక్షకుడి కంటినే అంత సులువుగా మోసం చేయగలిగిన గాలి, లైసెన్స్ వచ్చి ఏడాది కూడా కాని కుర్రాడిని వదులుతుందా? ఆ ఏడాదే అమెరికా చట్టసభ, లైసెన్స్ లేని పిల్లలు రికార్డుల కోసం విమానం నడపడాన్ని నిషేధించింది.

వేగంగా వెళ్తే ఈ గొడవ ఉండదు కదా అన్న ఆలోచన సహజం. చాలామంది లో పాస్‌ను గరిష్ఠ వేగంతో చేసేది అందుకే. కానీ అక్కడ రెండో గోయి ఉంది. మామూలు తరగతి చిన్న విమానం రెక్కలు బరువుకు 3.8 రెట్ల భారం వరకు మోసేలా కడతారు. సెస్నా 172 నిండు బరువుతో ఉన్నప్పుడు 105 నాట్స్ లోపు వేగంలో గట్టిగా లాగితే, ఆ భారం చేరేలోపే రెక్క స్టాల్ అయి తనను తాను కాపాడుకుంటుంది. 130 దాటిన వేగంలో కిందికి వచ్చి, తెర తాకిడిలోనే కంట్రోల్‌ను వెనక్కి గుంజితే, లాగిన భారానికి తెర భారం తోడవుతుంది. కొత్త విమానంలో కొంత అదనపు బలం ఉంటుంది. నలభై యాభై ఏళ్లుగా పొలాల మీద రసాయనాలు చల్లి తుప్పు, పగుళ్లు మోస్తున్న విమానంలో ఆ అదనం ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మన దగ్గర ఈ మాటెత్తితే ముందుగా గుర్తొచ్చేది 1980 జూన్ 23. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం నుంచి పిట్స్ ఎస్-2ఎ విమానంలో బయలుదేరిన సంజయ్ గాంధీ, ఆయనతో ఉన్న కెప్టెన్ సుభాష్ సక్సేనా, నగరం మీద తక్కువ ఎత్తులో విన్యాసాలు చేస్తూ కూలిపోయారు. హైదరాబాద్‌వాళ్లకు 2010 మార్చి 3 కూడా గుర్తుంటుంది. బేగంపేటలో వైమానిక ప్రదర్శన మొదలైన రోజే నేవీ సాగర్ పవన్ దళానికి చెందిన కిరణ్ విమానం బోయిన్‌పల్లిలో ఇళ్ల మీద పడింది, ఇద్దరు అధికారులు చనిపోయారు. ఏళ్ల తరబడి సాధన చేసి, ప్రతి విన్యాసానికీ కనీస ఎత్తు ముందే రాసుకుని ఎగిరేవాళ్లకే కింద చోటు చాల్లేదు. జనావాసాల మీద చుట్టుపక్కల ఎత్తైన కట్టడం కన్నా 300 మీటర్లు, మిగతాచోట్ల నేల నుంచి 150 మీటర్లు దాటి ఎగరాలన్న అంతర్జాతీయ నిబంధన ఊరికే పెట్టింది కాదు. ఆ 150 మీటర్లు అంటే సుమారు 500 అడుగులు. పైన చెప్పిన స్టాల్ లెక్కతో పోల్చి చూస్తే, ఒక తప్పుకు, దాన్ని దిద్దుకోవడానికి సరిపడా చోటు.

ఈ విషయం మన ఇళ్లకు దూరమైనదేం కాదు. నాగార్జునసాగర్, బేగంపేట లాంటిచోట్ల శిక్షణ విమానాలు ఎగిరిన రాష్ట్రాలు మనవి. ఫ్లోరిడా, టెక్సస్, అరిజోనాల్లోని శిక్షణ సంస్థల్లో అప్పు చేసి చేరిన తెలుగు పిల్లలూ ఉన్నారు. సోలో ఫ్లైట్ వీడియో వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ‘ఈసారి మా ఇంటి మీంచి తీసుకెళ్లు’ అని ప్రేమగా రాసేది మనవాళ్లే. ఆ మాట తీసుకెళ్లి ఎక్కడ గుచ్చుకుంటుందో రాసేవాళ్లకు తెలియదు. తెలియాలి.

తక్కువ ఎత్తులో పాస్ చేయక తప్పని సందర్భాలూ ఉంటాయి. కంచె లేని ఎయిర్‌స్ట్రిప్ మీద పశువులున్నాయేమో, వానకు కోసుకుపోయిందేమో చూసుకోవాలి. చక్రాలు దిగాయో లేదో టవర్‌వాళ్లకు చూపించుకోవాలి. అలాంటప్పుడు శిక్షకులు నేర్పే పద్ధతి చూడటానికి చప్పగా ఉంటుంది. ముందు విండ్‌సాక్‌ను, అంటే గాలి దిక్కు, జోరు చూపే గుడ్డ గొట్టాన్ని, ఒక నిమిషం పాటు గమనించాలి. అది ఒకసారి నిండుగా లేచి మరోసారి వేలాడిపోతుంటే ఆ తేడాను వేగానికి కలుపుకోవాలి, తేడా మరీ ఎక్కువుంటే వేరే రన్‌వేకి పోవాలి. గాలికి ఎదురుగా, రన్‌వేకు కాస్త కుడిగా ఎగిరితే ఎడమ సీటులోని పైలట్‌కు నేలంతా కిటికీలోంచి కనిపిస్తుంది, ఒరగాల్సిన పని ఉండదు. చూడటం అయ్యాక థ్రాటిల్ పూర్తిగా తోసి, రెక్కలు సమంగా ఉంచి, ముక్కును మామూలు టేకాఫ్‌లో ఎత్తినంతే ఎత్తి, తిన్నగా ఎక్కాలి. ఐదారు వందల అడుగులు దాటాక, ఎయిర్‌స్పీడ్ మీటర్ చూసుకుంటూ, 20, 30 డిగ్రీలకు మించకుండా మలుపు తిరగాలి. అప్పటికి విమానం రన్‌వే చివర దాటి ఒకటి రెండు కిలోమీటర్లు పోయి ఉంటుంది, కింద ఫోన్ పట్టుకున్నవాళ్ల వీడియోలో ఒక చుక్కలా.